సోయి

చండ్రుగొండ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని మండల కేంద్రము. 2016 వఱకు అది ఖమ్మం జిల్లాలో నుండెను. ఆ ప్రాంతపు అడవులలో వేసవి తొలినాళ్లయందు ఇప్పపూలు రాలును. వానిని సులభముగా ఏరుకొనుటకు కొందఱు చెట్టు క్రింది ఎండుటాకులకు నిప్పు పెట్టుదురు. గాలి తోడైనచో ఆ నిప్పు అడవినంతటిని అంటుకొనును.

ఒకనాటి వేకువను ఒక బాలుడు నాయనమ్మతో ఇప్పచెట్టు కడకు పోయెను. వాడు అగ్గిపుల్ల గీయబోగా ఆమె చేయి పట్టుకొని, "గాలి లేస్తాంది గదరా! సోయి ఉండొద్దా? చీపురు తీసుకో" అనెను. వాడు ఆకులను ఊడ్చి పూలు ఏఱెను.

మఱునాడు బడిలో అడవుల రక్షణమును గూర్చి వ్యాసము వ్రాయుచు, "మనిషికి సోయి ఉండవలెను" అని వాడు ముగించెను. అది చూచి తోడివారు నవ్విరి. "ఇది పుస్తకాల మాట కాదు" అని ఒకడనెను. బాలుడు సిగ్గుపడి ఆ మాటను కొట్టివేసెను.

ఉపాధ్యాయుడు అది గమనించి, "నాయనా, ఆ స్థానమున మఱి యే మాట వ్రాయుదువు?" అని తరగతి నంతటిని అడిగెను.

ఒకడు "స్పృహ" అనెను. "ఎండదెబ్బకు సోయి తప్పి పడినాడు అన్నచోట అది సరిపోవును. కాని నాయనమ్మ చెప్పినది మూర్ఛను గూర్చి కాదు గదా!" అనెను గురువు. ఇంకొకడు "జ్ఞాపకము" అనెను. "ఆ పని నా సోయిలో లేదు అనునప్పుడు అది తగును. ఇక్కడ చాలదు." వేఱొకడు "ఇంగితము" అనెను.

గురువు సంతోషించెను. "సంస్కృతమున ఇంగితమనగా మనసులోని భావమును వెల్లడించు కదలిక. ఎదుటివాని కనుసన్నను బట్టి వాని తలంపును గ్రహించుటయే ఇంగితజ్ఞానము. చెప్పకయే తెలిసికొను ఈ నేర్పునే క్రమముగా లోకజ్ఞానమని జనులు వాడుకొనిరి. నాయనమ్మ గాలి కదలికను చూచి రాబోవు ముప్పును గ్రహించినది. కనుక ఈ మాట దగ్గఱిదే. అయినను మెలకువ, ధ్యాస, వివేకము మూడును కలిసిన మాట సోయి. తెలంగాణ రచయితలు నేడు 'చారిత్రక సోయి' అని వ్రాయుచున్నారు. తన గతమును మఱువని మెలకువ యని దాని భావము. కావున ఇది పుస్తకములకు ఎక్కని మాట కాదు."

పిమ్మట ఆయన, "గోదావరి దరినున్న భద్రాచలము 1959 వఱకు తూర్పుగోదావరి జిల్లాలోనిది. పిదప ఖమ్మం జిల్లాలో చేరినది. హద్దులు మాఱుచుండును. ఇంటి మాటను మనము విడిచినచో, దానితోపాటు ఇంటి పెద్దల అనుభవమును గూడ విడిచినట్లే" అనెను.

బాలుడు కలము తీసికొని, కొట్టివేసిన మాటపైన మరల "సోయి" అని స్పష్టముగా వ్రాసెను. ఈసారి ఎవ్వరును నవ్వలేదు.

ప్రశ్నలు

1. నాయనమ్మ బాలుని ఏల వారించెను?
2. "సోయి"కి గల అర్థములను సొంత వాక్యములలో చూపుడు.
3. మీ యింటి పెద్దలు వాడు అరుదైన మాట నొకదానిని వ్రాసి, దాని భావమును వివరింపుడు.