అనపోతు: ఒక పాత్ర పరిశీలన

మహాకావ్యములలో నాయకుల కీర్తిచాటున సామాన్య యోధులు మరుగుపడుట కద్దు. శ్రీనాథుని కృతిగా ప్రసిద్ధి చెందిన ద్విపద కావ్యము ‘పల్నాటి వీరచరిత్ర’లో అనపోతు అట్టివాడు. 12వ శతాబ్దపు కారెంపూడి యుద్ధమే అందలి ఇతివృత్తము. బాలచంద్రుని సహచరులు వివిధ కులములవారు. వారిలో అనపోతు బ్రాహ్మణుడు. రణమునకు పోవుచు బాలచంద్రుడు బ్రహ్మహత్యా దోషమునకు వెఱచి ఇతనిని ఒక మిషతో వెనుకకు పంపెను. మోసమెఱిగిన అనపోతు ప్రాణత్యాగము గావించెను.

బ్రహ్మనాయుడు నెలకొల్పిన చాపకూడు అన్ని కులములను ఒకే పంక్తిలో కూర్చుండబెట్టినది. భోజనమున లేని భేదము మరణమున ఏల? బాలచంద్రునకు అది గౌరవము. అనపోతునకు వెలివేతగా తోచియుండును. అతని మరణము అనుసరణీయము కాకపోయినను, ఆ ప్రశ్న ఒకే బల్లపై కూర్చుండి చదువుకొను మన విద్యార్థులకు నేటికిని ఆలోచనీయము.