మీ అశోకవనం ఇంకా మిగిలే ఉంది

నేను పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు ఫ్రెషర్లకు ఇంటర్వ్యూ కోచింగ్ ఇస్తుంటాను. ఇలాంటి పని మొదలుపెట్టిన అందరికీ ఒక దశ వస్తుంది. నలభై మందికి మెసేజ్ పెడతాం. ఐదారుగురు "తర్వాత చెప్తానండి" అంటారు. మిగతావాళ్లు చూసి ఊరుకుంటారు. చెప్పడం మనకి వచ్చు, చెప్పించుకునేవాళ్లే దొరకరు. ఉద్యోగం మానేసి దీన్నే నమ్ముకున్నవాళ్లకైతే ఇది అద్దె, ఈఎంఐల సంగతి. ఆ చిరాకుకి సుందరకాండలో మంచి మందు ఉంది.

సీతమ్మ కోసం లంకంతా వెతుకుతూ హనుమ రావణుడి అంతఃపురంలో మండోదరిని చూస్తాడు. ఆవిడే సీతమ్మ అనుకుని సంతోషం పట్టలేక తోకను ముద్దాడతాడు, స్తంభాలెక్కి గంతులేస్తాడు. తర్వాత ఆలోచిస్తాడు: రాముడికి దూరమైన తల్లి ఇలా అలంకరించుకుని హాయిగా నిద్రపోతుందా? ఈమె కాదని తేల్చుకుని ముందుకి కదులుతాడు.

ఇక్కడ మొదటి పాఠం: ఎవరిని వెతుకుతున్నామో గుర్తులు తెలియాలి. నేను చూసుకునేవి మూడు. ఇంటర్వ్యూ దగ్గర్లో ఉండాలి. ఎక్కడ తడబడుతున్నారో వాళ్లకి కొంతైనా తెలియాలి. వారానికి కొన్ని గంటలు కేటాయించగలగాలి. ఇవేవీ లేకుండా "సూపర్ సార్, తప్పకుండా జాయిన్ అవుతా" అన్నవాళ్లు రాకపోతే దిగులు పడక్కర్లేదు.

పదమూడో సర్గలో హనుమ ఆలోచనలు గొలుసులా సాగుతాయి. సీతమ్మ కనిపించలేదని చెబితే రాముడు బతకడు, ఆయన లేకపోతే లక్ష్మణుడు, తర్వాత భరతుడు, శత్రుఘ్నుడు, తల్లులు, సుగ్రీవుడు... అసలు వెనక్కే వెళ్లకుండా వానప్రస్థుడిలా ఉండిపోదామా అనుకుంటాడు. అంతటి బలవంతుడికే అలా అనిపించింది. మనకీ అంతే. ఈ నెల ఎవరూ చేరలేదు, అంటే నాకు చెప్పడం రాదు, ఇంట్లో ఏమనుకుంటారు, అంటూ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాం. నిజంగా జరిగింది మొదటిదొక్కటే.

హనుమ ఆ గొలుసుని ఎలా తెంచాడు? తాను ఇంకా వెతకని చోటు ఒకటుందని గమనించాడు. అదే అశోకవనం. దేవతలకి నమస్కరించి అటు వెళ్లాడు. సీతమ్మ అక్కడే ఉంది. అంతకుముందు సర్గలో వాల్మీకి దీనికి వాడిన మాట అనిర్వేదం. అంటే దిగులుతో చేతులు వదిలేయకపోవడం.

మా పనిలో లాగ్ చూడకుండా బగ్ వెతకం. ఇక్కడా అంతే. ఈ రాత్రి ఒక కాగితం మీద రాయండి: ఎవరిని అడిగాను, ఎక్కడ అడిగాను, ఏం జవాబు వచ్చింది. "అన్ని చోట్లా ప్రయత్నించాను" అనుకున్నవాళ్ల కాగితం మీద చాలాసార్లు ఒకే చోటు కనిపిస్తుంది, అదీ ముక్కూమొహం తెలియని వాళ్లకి పెట్టిన మెసేజ్‌లే. మన దగ్గర నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లని "నీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగామా? చదువుకున్న కాలేజీలో ఒక గంట ఉచితంగా చెబుతామని అడిగామా? అడగని చోటే మన అశోకవనం.

ఒక జాగ్రత్త. చిరాకులో ఉన్నప్పుడు ఫీజు తగ్గిస్తూ మెసేజ్‌లు పెట్టకండి. ఎదుటివాళ్లకి అందులో మన అవసరమే కనిపిస్తుంది, వాళ్లకి జరిగే మేలు కనిపించదు. ఆ పూటకి ఫోన్ పక్కన పెట్టి పొద్దున రాయండి.

అన్ని చోట్లా నిజంగా వెతికాక కూడా ఎవరూ రాకపోతే, చెప్పే విషయాన్ని మార్చుకోవాల్సి రావచ్చు. అదీ ఆ కాగితమే చెబుతుంది. దిగులుని అడిగితే మాత్రం "మానెయ్" అనే ఒక్క జవాబే వస్తుంది.

జై హనుమాన్.