విండోకో పేరు... పనికో గురి!

2017 జనవరి 31. గిట్‌ల్యాబ్ సంస్థలో ఓ ఇంజినీరు రాత్రి పొద్దుపోయాక కూడా డేటాబేస్ సమస్యతో కుస్తీ పడుతున్నాడు. రెండో సర్వర్లో తీసేయాల్సిన డేటాను పొరబాటున అసలు సర్వర్లో తుడిచేశాడు. ఒకట్రెండు సెకన్లలోనే గుర్తించి ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీల్లో మిగిలింది 4.5 జీబీలే! సుమారు ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. తర్వాత ఆ సంస్థ రాసుకున్న దిద్దుబాట్లలో ఒకటి చాలా చిన్నది: ఏ సర్వర్లో ఉన్నామో ప్రాంప్ట్‌లోనే స్పష్టంగా తెలియాలి.

అలసిన వేళ ఎంతటి నిపుణుడికైనా జ్ఞాపకం మోసం చేస్తుంది. అందుకే గుర్తుపెట్టుకునే పనిని బుర్రకు వదలకండి, కళ్లకు అప్పగించండి. టెర్మినల్‌తో పనిచేసేవారికి అందుకు సులువైన చోటు విండో టైటిల్.

ఎలా మారుతుంది?

షెల్ ఒక చిన్న సంకేతం పంపితే చాలు, టెర్మినల్ తన టైటిల్ మార్చుకుంటుంది. జెడ్ షెల్‌లో అందుకు రెండు అవకాశాలున్నాయి: కమాండ్ మొదలయ్యే ముందు ఒకటి, మళ్లీ ప్రాంప్ట్ వచ్చే ముందు మరొకటి. 2009లో మొదలైన, జెడ్ షెల్ సెట్టింగ్స్‌ను చూసుకునే ‘ఓ మై జెడ్‌ఎస్‌హెచ్’ ఈ రెండింటినీ వాడుకుంటుంది. పని నడుస్తుంటే కమాండ్ పేరు, ఖాళీగా ఉంటే ఫోల్డర్ పేరు చూపిస్తుంది. మీరు పెట్టిన పేరు మరుక్షణమే చెరిగిపోతోందా? కారణం ఇదే. జెడ్ షెల్ సెట్టింగ్స్ ఫైల్లో ‘డిజేబుల్ ఆటో టైటిల్’ను ‘ట్రూ’ చేయండి. ఇక మీ పేరే నిలుస్తుంది.

ఈ నాలుగూ పాటించండి

1. ముందు చోటు, తర్వాత పని. ట్యాబ్ ఇరుకైతే పేరు పూర్తిగా కనిపించదు. కాబట్టి ‘ప్రొడక్షన్’, ‘టెస్ట్’ అన్న మాటే మొదట ఉండాలి.

2. పేరు పెట్టాకే పని మొదలుపెట్టండి. ‘లాగిన్ బగ్’ అన్నట్టు రెండు మాటల్లో రాయలేకపోతున్నారంటే, ఏం చేయాలో మీకింకా తేలలేదన్నమాట. ఒక్క నిమిషం ఆగి తేల్చుకోండి.

3. తుడిచేసే కమాండ్ కొట్టేముందు టైటిల్‌ను పైకి చదవండి. ఎంటర్ మీద వేలు పడేది ఆ తర్వాతే.

4. పని పూర్తయిందా? విండో మూసేయండి. పేరు లేని పది ట్యాబ్‌లు మీ ఏకాగ్రతను పది వైపులా లాగుతాయి.

ఏం చేస్తున్నామో, ఎక్కడ చేస్తున్నామో ప్రతి క్షణం తెలిసి ఉండటమే జాగరూకత. అది పుట్టుకతో వచ్చే గుణం కాదు, చిన్న ఏర్పాట్లతో అలవడేది. టెర్మినల్‌లో కుదిరిన ఈ అలవాటు ఫైళ్లకు, మెయిళ్లకు, రోజువారీ పనుల జాబితాకూ పాకుతుంది.

రేపటిదాకా ఆగకండి. ఇప్పుడు మీ ముందు తెరిచి ఉన్న విండోలన్నింటికీ పేర్లు పెట్టండి. పేరు తోచని విండోను మూసేయండి!