మేలుజాతి పశువులు చేతులు మారునపుడు

భూమిని కొనునపుడు మన రైతులు దస్తావేజులు, అడంగలు చూడక సొమ్ము చెల్లింపరు. ఒంగోలు పెయ్యను కొనునపుడు మాత్రము మూపురమును, గంగడోలును చూచి, పండ్లు లెక్కించి, పలుపు చేతబట్టుకొని ఇంటికి వచ్చెదరు. దుక్కిటెద్దునకు ఈ పరీక్ష చాలును. మేలుజాతి పశువునకు చాలదు. అధికముగా ఇచ్చు వెల కంటికి కనబడు దేహమునకు గాదు, దాని తల్లిదండ్రులకు. వారిని నిరూపించునది వ్రాత యొక్కటే.

ఇంగ్లండులో షార్టుహారను పశువుల వంశావళి 1822లోనే గ్రంథముగా అచ్చుపడినది. మన ఒంగోలు జాతి బ్రెజిలు దేశమునకు పోయి నెల్లూరు పేరిట వృద్ధినొందినది. 1960 తరువాతి సంవత్సరములలో అక్కడికి చేరిన కరవది ఆబోతు మన ఒంగోలు చెంతనున్న గ్రామము పేరు గలది. దాని సంతతిని వారు నేటికిని పుస్తకములలో చూపగలరు. 2023లో అక్కడ ఒక ఆవునందు మూడవ వంతు హక్కు మాత్రమే విక్రయింపబడెను. ఆ లెక్కను ఆవు పూర్తి వెల నలువది లక్షల డాలర్లకు మించినది! పుస్తకములేని ఆవునకు అంత వెల ఎవరిత్తురు? మన దేశమునందును కేంద్ర ప్రభుత్వము వారు పశువుల నమోదు పథకమునకై ఒంగోలులో ఒక శాఖను నెలకొల్పిరి. జాతి లక్షణములతోపాటు పాల దిగుబడియు చూచి నమోదు చేయుట దాని పద్ధతి.

చట్టప్రకారము పశువు చరాస్తి. అమ్మకమునకు రిజిస్ట్రారు కచేరీతో పనిలేదు. ఉభయుల ఒడంబడికను బట్టియే హక్కు మారును. ఇది సౌకర్యమే గాని, తగవు వచ్చిననాడు నోటిమాట నిలువదు. కావున రసీదు వ్రాయించుకొనవలెను. అందు తేది, ఉభయుల పేర్లు, వెల, పశువు రంగు, కొమ్ములు, మచ్చలు, ఈతలు, చూలు సంగతి, చెవిపోగు మీది పండ్రెండంకెల సంఖ్య ఉండవలెను. ఇద్దరు సాక్షులు చేవ్రాలు చేయవలెను.

ఆ చెవిపోగును గూర్చి ఒక మాట. అది పశువును గుర్తించును, జాతిని నిర్ధారింపదు. మన డెల్టా సంతలలో కొమ్ము చుట్టుకొన్న ప్రతి నల్లగేదెయు ముర్రాయే! నిజమునకు మన గేదెలలో పెక్కు ముర్రా పోతుల వలన సంకరమైనవి. మంచి పాడి పశువులే, కాని శుద్ధజాతి వెల వానికి తగదు.

కొన్న వెంటనే రైతు సేవా కేంద్రములోని పశుసంవర్ధక సహాయకునికో, పశువైద్యశాలకో తెలిపి, ఆ సంఖ్యకు ఎదురుగా పాత యజమాని పేరును, ఫోను సంఖ్యను మార్పించుకొనవలెను. పాత చెవిపోగును కోసివేయరాదు. దానితోపాటు పూర్వపు లెక్క యంతయు పోవును. భీమా యున్నచో కంపెనీకిని వ్రాసి తెలుపవలెను. పత్రము ఒకరి పేరను, పశువు వేరొకరి దొడ్డిలోను ఉన్నచో, అది మరణించినపుడు పరిహారము చిక్కులలో పడును.

చూడి పశువును కొనువారు సూది వేయించిన నాటి చీటీని తప్పక అడుగవలెను. వీర్యపు గొట్టము మీద ఆబోతు సంఖ్య ముద్రింపబడియుండును. ఆ సంఖ్య చీటీకెక్కనిచో, పుట్టబోవు దూడ ఎంత చక్కనిదైనను తండ్రి పేరులేనిదే యగును. ఈ చీటీని మేము చూచినంతలో చూరులో దోపి మఱచువారే ఎక్కువ.

సంఘపు అప్పుతో కొన్న పశువును బాకీ తీరకమునుపు అమ్మజూపువారును కొందఱు కలరు. తాకట్టులోనున్నదా లేదా యని కొనువారు ముందుగా సంఘములో విచారించి, పిమ్మట బయానా ఇయ్యవలెను.