ఈ పాటలో నూలు ఎవరిది?

సూరత్‌లో లింబాయత్, ఉధనా వైపు పెరిగిన తెలుగు పిల్లలకు జాబ్‌వర్క్ అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. నూలు సేటుది, సాంచా (మరమగ్గం) నడిపేది నాన్న, కూలి మీటరు లెక్క. బట్ట రింగ్ రోడ్డు మార్కెట్‌కు చేరాక దానిమీద నాన్న పేరు ఎక్కడా ఉండదు. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఇక్కడ ఇలాగే బతికాయి. ఆ ఇళ్ల కుర్రాళ్లు ర్యాప్ చేస్తామంటే ముందుగా అడగాల్సిన మాట ఒక్కటే: ఈ పాటలో నూలు ఎవరిది?

నూలంటే బీట్. యూట్యూబ్‌లో ‘ఫ్రీ’ అని కనిపించే బీట్లు చాలావరకు సాధనకే ఫ్రీ, సంపాదనకు కాదు. పాట ఆడేదాకా ఎవరూ పట్టించుకోరు. ఆడిందంటే యూట్యూబ్ కాపీరైట్ వ్యవస్థ కాంటెంట్ ఐడీ నుంచి క్లెయిమ్ వచ్చి పడుతుంది, యాడ్ల డబ్బు బీట్ యజమాని ఖాతాకు పోతుంది. అందుకే బీట్ లీజు కొనేటప్పుడు ఎన్ని స్ట్రీముల వరకు చెల్లుతుంది, వీడియోకు వర్తిస్తుందా, అదే బీట్ ఇంకొకరికీ అమ్ముతారా అన్నవి కాగితం మీద చూసుకోండి. బ్యాండ్‌ల్యాబ్ వంటి ఉచిత యాప్‌లో సొంతంగా కట్టుకోవడం నేర్చుకుంటే ఈ గొడవే లేదు.

పరికరాల్లేవని ఆగకండి. ముంబై కుర్లా కుర్రాడు నేజీ 2014లో ‘ఆఫత్’ పాటను రికార్డు చేసిందీ, వీడియో తీసిందీ ఐప్యాడ్‌తోనే. అతని జీవితం, మరో ముంబై ర్యాపర్ డివైన్ జీవితం ప్రేరణగా 2019లో ‘గల్లీ బాయ్’ సినిమా వచ్చింది. పక్కనే అహ్మదాబాద్ ర్యాపర్ ధంజీ 2023లో ‘రుఆబ్’ ఆల్బమ్‌తో దేశమంతటా వినిపించాడు. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ మాట్లాడే మీకు మూడు భాషల ప్రాసలు చేతిలో ఉన్నాయి. హైదరాబాద్ కుర్రాడికి కూడా అంత సులువుగా దొరకని సరుకది.

పాట సిద్ధమైతే డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటి డిస్ట్రిబ్యూటర్ ద్వారా స్పాటిఫై, జియోసావన్, యూట్యూబ్ మ్యూజిక్‌లకు పంపొచ్చు. ప్రతి రికార్డింగ్‌కూ 12 అక్షరాలూ అంకెలూ కలిసిన ఐఎస్‌ఆర్‌సీ కోడ్ వస్తుంది, దాన్ని దాచుకోండి. సాహిత్యం, బాణీ మీవైతే రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. ఆ రాయల్టీ, డిస్ట్రిబ్యూటర్ ద్వారా వచ్చే స్ట్రీమింగ్ డబ్బు వేర్వేరు. స్నేహితులతో కలిసి చేసిన పాటకు ఎవరి వాటా ఎంతో రిలీజుకు ముందే రాసి సంతకాలు పెట్టుకోండి. డబ్బు రానప్పుడు అందరూ అన్నదమ్ములే!

ఇక ఆదాయం. యూట్యూబ్‌లో యాడ్ల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దానితోపాటు 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ ఉండాలి. 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని పాటకు స్పాటిఫై పైసా ఇవ్వదు. దాటినా ఇంటి అద్దెకు సరిపోదు. తొలి ఏళ్లలో ఇల్లు గడిపేది స్టేజీ షోలు, మిక్సింగ్, వీడియో ఎడిటింగ్. చీరల వ్యాపారులకు రోజూ రీల్స్ కావాల్సిన ఊరు ఇది. ఆ పని పట్టుకోండి, డిగ్రీ మాత్రం వదలకండి.

లేబుల్ వాళ్లు అడ్వాన్సుతో వస్తే మాస్టర్ (రికార్డింగ్) హక్కులు ఎన్నేళ్లకు అడుగుతున్నారో చదవండి. ‘శాశ్వతంగా’ అని ఉంటే అది జాబ్‌వర్కే. సంతకం చేసే ముందు లాయరుకు చూపించండి.

ఈ ఆదివారం ఫోన్‌లో ఉన్న మీ పాటలన్నీ తీసి, ఏ బీట్ ఎవరిదో ఒక నోటుబుక్కులో రాయండి. అనుమతి కాగితం లేని పాటను ఇప్పుడే పక్కన పెట్టేయండి.