క్షౌరశాలల తనిఖీ: బ్లేడు, పటిక, తువాలు

పురుషుల నిత్యకృత్యములలో దంతధావనము, స్నానము మొదలైనవి ఎవరికి వారు చేసికొనునవి. క్షౌరము మాత్రము తరచుగా పరహస్తముతోను, పరుల పనిముట్లతోను, నలుగురు కూర్చుండు చోట జరుగును. తన పండ్లపుల్లను పొరుగువాని కీయనొల్లనివాడు, తనకు ముందు కూర్చున్నవాని గడ్డముపై నడచిన కత్తికి తన కంఠము నొప్పగించి కన్నులు మూసికొనును. ఇందువలననే ఈ యొక్క యలవాటు గృహవిషయము గాక పురపాలక సంఘములకును, తాలూకా, మండలోద్యోగులకును సంబంధించిన విషయమైనది.

క్షౌరశాలను తనిఖీచేయు నుద్యోగి సాధారణముగా గోడల సున్నము, నేలమీది వెండ్రుకలు, అద్దముల శుభ్రత, గాలి వెలుతురులను చూచి పుస్తకములో వ్రాసికొని పోవుచుండును. అవియు చూడదగినవే. కాని గోడలకు సున్నములేనందున రోగము వచ్చినవారు కలరని చెప్పుట కష్టము. రోగము వచ్చు మార్గములు వేరు. అవి జానెడు బల్లమీద, క్షురకుని కుడిచేతి ప్రక్కన నుండును.

కత్తి నడచినపుడు రక్తము కనబడిననే గాయమైనదని జనులు తలంచుదురు. నిజమునకు ప్రతి క్షౌరమునను చర్మముపై పొర కంటి కగపడని గీతలు పడును. మొటిమలు గలవానికిని, నాలుగు దినముల గడ్డము మాసినవానికిని ఇవి మరింత యెక్కువ. ఆ గీతలనుండి బ్లేడునకు అంటు రక్తము మిక్కిలి స్వల్పము. తడిగుడ్డతో తుడిచిన బ్లేడు తళతళ మెరయును. అయినను హెపటైటిస్ బి అను కాలేయవ్యాధిని కలిగించు సూక్ష్మజీవి యెండిన రక్తములో గూడ కనీసము 7 దినములు బ్రతికి, అంటించు శక్తిని నిలుపుకొనగలదు. అనగా ఆదివారమునాడు ఒకనికి వాడి పక్కనబెట్టిన బ్లేడు శనివారమునకును నిర్దోషి కాదు.

రక్తముచే వ్యాపించు మూడు వ్యాధుల తారతమ్యము నుద్యోగులు తెలిసికొనుట మేలు. రోగికి గుచ్చిన సూది పొరబాటున వైద్యసిబ్బందికి గుచ్చుకొన్నపుడు, హెపటైటిస్ బి నూటికి 6 మొదలు 30 వరకును, హెపటైటిస్ సి నూటికి సుమారు 2, హెచ్.ఐ.వి. వెయ్యింటికి సుమారు 3 చొప్పునను అంటునని వైద్యులు లెక్కించియున్నారు. ఇది లోపల బోలుగా నుండి రక్తము నిలుచు సూదిని గూర్చిన లెక్క. బ్లేడు గీతకు ఇదే యంకె చెల్లదు. అయినను ఏది యెక్కువ భయపడదగినదో దీనివలన తెలియును. హెచ్.ఐ.వి. శరీరమునకు వెలుపల త్వరలో నశించును. క్షౌరము వలన దాని భయము మిక్కిలి తక్కువ. జనులు దేనికి భయపడుదురో అది యిచ్చట తక్కువ. దేని పేరైన నెరుగరో అది యెక్కువ.

ఇంకొక చిక్కు కలదు. హెపటైటిస్ బి శరీరమున ప్రవేశించిన పిదప బయటపడుటకు నెల మొదలు ఆరునెలలవరకు పట్టును. హెపటైటిస్ సి సోకినవారిలో నూటికి సుమారు డెబ్బదిమందికి అది తొలగక నిలిచిపోవును. వీరిలో పెక్కుమందికి ఇరువది ముప్పది యేండ్లవరకు ఏ బాధయు తెలియదు. తుదకు కాలేయము గట్టిపడి, పొట్టలో నీరుచేరి, ఒక్కొక్కప్పుడు పుండుకురుపు పుట్టి ఆసుపత్రికి చేరుదురు. కామెర్లు వచ్చినవాడు నీటిని, నూనెను, ఎండను నిందించునే గాని నాలుగునెలల క్రిందటి క్షౌరమును తలంపడు. కావున ఈ విషయమై కచేరికి ఒక్క ఫిర్యాదైనను రాదు. ఫిర్యాదు రాలేదు గనుక దోషము లేదనుకొనుట యిచ్చట చెల్లదు.

క్షౌరపు పనిముట్లవలన రోగము వ్యాపించుట క్రొత్తమాట కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1915 మొదలుకొని, ఇంగ్లండులోను అమెరికాలోను సైనికులకు, పౌరులకు ముఖముపైనను మెడపైనను నల్లని పొక్కులు లేచి కొందరు మరణించిరి. అది పశువులకు వచ్చు ఆంత్రాక్సు అను దొమ్మరోగము. విచారింపగా, సబ్బు నురుగు పూయు కుంచెలలో సరిగా శుద్ధిచేయని గుఱ్ఱపు వెండ్రుకలు వాడినట్లు తేలినది. 1920లో బ్రిటను జపాను దేశపు క్షౌరపు కుంచెల దిగుమతినే నిషేధించినది. అంగడిలో క్రొత్తగా కొన్న కుంచె సైతము రోగము మోయగలిగినపుడు, దినమున కిరువది ముఖముల మీద తిరిగిన కుంచె మాట చెప్పనేల?

మన దేశమున పూర్వము మడతకత్తిని రాతిమీద నూరి, తోలుపట్టీపై సానబెట్టి అందరికి నదే వాడుచుండిరి. 1986లో మద్రాసులో హెచ్.ఐ.వి. మొట్టమొదట గుర్తింపబడిన తరువాత పుట్టిన భయము వలన, బ్లేడును రెండు ముక్కలుగా విరిచి పిడిలో బిగించు పద్ధతి పట్టణములలో త్వరగా వ్యాపించెను. ఇది గొప్ప మేలు. ఒక బ్లేడు ఇద్దరికి వచ్చును, ఒక్కొక్కరికి సగము, ఖర్చు స్వల్పము. ఈ పద్ధతి సరిగా నడచినచో ఈ పాఠమునకే పని లేకపోవును.

సరిగా నడవని చోట్లు మూడు కనబడుచున్నవి. మొదటిది, రద్దీవేళ సగము బ్లేడునే ఇద్దరు ముగ్గురికి వాడుట. రెండవది, విరిచిన రెండవ సగమును పాత ముక్కలున్న పళ్లెములోనే యుంచుట. కొంతసేపటికి ఏది క్రొత్తదో ఏది పాతదో క్షురకునికే తెలియదు. మూడవదియే తనిఖీలకు చిక్కనిది. గడ్డము గీయించుకొనువానికి క్రొత్త బ్లేడు చూపి బిగించుదురు. జుట్టు మాత్రమే కత్తిరించుకొనువానికి చివర మెడమీదను, చెవుల వెనుకను అంచులు దిద్దునపుడు పిడిలో నున్న పాత ముక్కనే నడిపింతురు. అచ్చటి చర్మము మెత్తన, తెగుట సులభము, అద్దములో కనబడదు, జుట్టు కత్తిరింపునకు బ్లేడు రుసుము వేరుగా లేదు. తండ్రివెంట వచ్చిన పసిపిల్లవానికి ఎక్కువగా జరుగునది ఇదియే.

ఇక పటిక. దీనిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది; ఏలయన క్రొత్త బ్లేడు వాడు మంచి క్షౌరశాలలలో గూడ ఈ దోషము మిగిలియున్నది. గీసిన పిదప తెగినచోట పటికబిళ్లను తడిపి రుద్దుదురు. రక్తము నిలుచును, మంట పుట్టును. ఆ మంటయే క్రిములను చంపుచున్నదని జనుల నమ్మకము. పటిక చర్మమును బిగించి రక్తమును ఆపును గాని, ఈ సూక్ష్మజీవులను చంపునని నమ్మి యూరకుండరాదు. తెగినవాని రక్తము బిళ్లకు అంటును, ఆ బిళ్లయే మరునిమిషమున మరొకని పచ్చిగీతలపై నడచును. ఒక్కొక్క బిళ్ల నెలలతరబడి వాడుకలో నుండి, నడుమ గుంటపడి చంద్రవంకవలె నగును. బ్లేడు మార్చి పటికను మార్చకుండుట, తలుపు వేసి కిటికీ తెరచినట్లు. దీనికి ఉపాయము కష్టము కాదు: పటికను పొడిచేసి కాచిన నీటిలో కరగించి సీసాలో నుంచి, కొంచెము దూదిపై పోసి అద్ది, ఆ దూదిని పారవేయవలెను. తనిఖీలో బల్లమీద పటికబిళ్ల కనబడినచో అది జరిమానాకు గాక, ఈ మాట చెప్పుటకు తగిన సమయమని గ్రహింపవలెను.

మడతకత్తి, కత్తెర, పిడి వంటివి శుద్ధిచేయు విధము నుద్యోగులు తామెరిగియుండి చెప్పవలెను. ముందు సబ్బునీటితో కడిగి వెండ్రుకలను, రక్తమును పోగొట్టనిదే ఏ మందును పనిచేయదు. అటుపిమ్మట 20 నిమిషములు మరగించుట మేలైన మార్గము. మరగించుటకు వీలులేనిచో బ్లీచింగు పౌడరు ద్రావణము చాలును. నూటికి 33 పాళ్లు క్లోరిను గల పౌడరు 15 గ్రాములు లీటరు నీటిలో కలిపిన నూటికి అరపాలు ద్రావణ మగును. అందులో 10 మొదలు 30 నిమిషములు ముంచి, వెంటనే మంచినీటితో కడిగి ఆరబెట్టవలెను. లేనిచో ఇనుము తుప్పుపట్టును. సంచి విప్పి తేమతగులనిచ్చిన పౌడరు బలము తగ్గును. మునిసిపల్ గిడ్డంగులలో ఇది యెంత సాధారణమో చెప్పనక్కరలేదు. గిన్నెలో నాలుగు చుక్కల డెట్టాలు వేసి కత్తిని ముంచి తీయుట శుద్ధి కాదు, సువాసన మాత్రమే.

పొరుగు దేశపు అనుభవ మొకటి పరిశీలింపదగినది. పాకిస్తానమున హెపటైటిస్ సి మిక్కిలి ప్రబలియున్నది. రావల్పిండి, ఇస్లామాబాదు నగరములలోని పురుషులను గూర్చి 2001లో వెలువడిన అధ్యయనమున, సూదిమందులతోబాటు నిత్యము క్షురకునిచే గడ్డము గీయించుకొనుటయు ఆ రోగమునకు సంబంధించిన కారణములలో నొకటిగా కనబడినది. అటుపిమ్మట 2004లో ప్రకటింపబడిన పరిశీలనలో, పరిశీలకులు క్షౌరశాలలలో కూర్చుండి చూడగా, సగమునకు కొంచెము తక్కువ క్షౌరములలో వాడిన బ్లేడే మరల వాడబడినది. అడిగి తెలిసికొనుట వేరు, కూర్చుండి చూచుట వేరు అని ఇందువలన తెలియుచున్నది.

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పింపవచ్చిన యాత్రికునకు టోకెనుతోబాటు బ్లేడును చేతికిచ్చు పద్ధతి కలదు. ఈ పద్ధతిలోని సారము గమనింపదగినది: బ్లేడు క్షురకుని పళ్లెమునుండి రాక, చేయించుకొనువాని చేతినుండి వచ్చుచున్నది. జాతరలలోను, నదీపుష్కరములలోను ఘాట్లవద్ద క్షౌరమునకు ఏర్పాట్లు చేయు నుద్యోగులు ఈ మార్గము ననుసరించుట సులభము. వందలమందికి కేశఖండనము జరుగు చోట ప్రత్యేకముగా తనిఖీకి మనిషిని నిలుపుటకంటె ఇదియే మేలు.

తనిఖీకి వేళ ముఖ్యము. తెలుగుదేశమున పలుచోట్ల మంగళవారము క్షౌరశాలలు మూసియుండును. బుధ గురువారముల మధ్యాహ్నము క్షురకుడు పత్రిక చదువుకొనుచుండును, అప్పుడు పోయినవారికి సమస్తము నిర్మలముగానే కనబడును. ఆదివారము ఉదయము 8 మొదలు 11 గంటలవరకు, పండుగ ముందురోజు, పెండ్లిండ్ల ఋతువున చూడవలెను. తనిఖీదారుడు పుస్తకము తెరవకుండ అరగంట బెంచీమీద కూర్చుండినచో చాలును. ఎందరు లేచిరో, ఎన్ని కాగితపు పొరలు విప్పబడినవో లెక్కించుకొనవచ్చును.

చర్మరోగములను గూర్చి క్లుప్తముగా: ఒక్క తువాలును తడిపి పిండి పలువురి ముఖములకు వాడుటవలన చీముపొక్కులును, తామరయు వ్యాపించును. ఇటీవలి సంవత్సరములలో మన దేశమున తామర సామాన్యపు మందులకు లొంగక మొండికెత్తుచున్నది. అంగడిలో వైద్యుని చీటి లేకుండ కొను స్టెరాయిడు కలిసిన పూతమందులు దానిని మరింత పెంచుచున్నవి. జుట్టు కత్తిరించు యంత్రపు పండ్లు తలతామరను మోసికొనిపోవును. వసతిగృహములకు నెలకొకసారి వచ్చి ఒక్క యంత్రముతో అరువదిమంది బాలురకు జుట్టు తీయు ఏర్పాటు గల చోట్ల, ప్రతి బాలుని పిదప పండ్లను కుంచెతో దులిపి నూటికి 70 పాళ్ల స్పిరిటుతో తుడువవలెనని ఉత్తరువు చేయుట తాలూకా ఉద్యోగుల చేతిలోని పని. క్షౌరానంతరము మెడను పట్టి ‘టక్కు’మనునట్లు త్రిప్పు వేడుకను గూడ మానిపింపవలెను, అందువలన మెదడునకు పోవు రక్తనాళము చిరిగి పక్షవాతము వచ్చిన సందర్భములు వైద్యగ్రంథములలో కలవు.

గ్రామములలో దుకాణము లేదు. పొది చంకనబెట్టుకొని క్షురకుడు ఇంటింటికి పోవును, లేదా సంతలో చెట్టుక్రింద కూర్చుండును. సంవత్సరమున కింత ధాన్యమని మేర ఇచ్చు వాడుక మిగిలియున్న చోట, ప్రతి క్షౌరమునకు క్రొత్త బ్లేడు ఖర్చును అతనిపై వేయుట న్యాయము కాదు. అట్టిచోట ఇంటివారే బ్లేడు, పటిక, తువాలు, దువ్వెన తమవి యుంచుకొని, పనితనము మాత్రము అతనినుండి కోరుట మేలు. అయితే ఇంటి బ్లేడును అన్నదమ్ములు నలుగురు పంచుకొన్నచో కథ మొదటికి వచ్చును.

ఈ విషయమున క్షురకుడు నిందితుడు గాడు. అందరికంటె ఎక్కువ అపాయమునకు లోనైనవాడు అతడే. విరుచునపుడు బ్లేడు వ్రేలిని కోయును, ఆ వ్రేలితోనే దినమంతయు పరుల రక్తమును తాకుచుండును. హెపటైటిస్ బికి టీకా కలదు: మొదట ఒకటి, నెలకు రెండవది, ఆరవ నెలకు మూడవది. శిశువుల టీకాలలో ఇది దేశమంతట చేరినది 2011 తరువాతనే. ఇప్పుడు కత్తి పట్టువారిలో అధికసంఖ్యాకులకు అది బాల్యమున అందియుండదు. హెపటైటిస్ సికి టీకా లేదు గాని మింగు మాత్రలతో సాధారణముగా 12 వారములలో కుదురును. 2018 జూలైలో ఆరంభింపబడిన జాతీయ కార్యక్రమముక్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షయు చికిత్సయు ఉచితముగా లభించుచున్నవి. లైసెన్సు నూతనపరచుటకు వచ్చినవారిని అదేదినమున రక్తపరీక్షకు పంపు ఏర్పాటును వైద్యాధికారితో కలసి చేయవచ్చును. పరీక్షలో రోగము కనబడినచో ఆ వార్త వీధిలో పొక్కరాదు. ఒక్కనికి పని పోయినదని తెలిసిన మరునాటినుండి ఆ పట్టణమున ఎవ్వరును పరీక్షకు రారు.

వాడిన ముక్కలు చెత్తబుట్టలో కలిసినచో, మరునాడు ఉదయము పారిశుధ్య కార్మికుని అరచేతిలో దిగును. క్షౌరశాల కొక మందపాటి డబ్బా, మూతకు బ్లేడు పట్టునంత సన్నని చీలిక, నిండిన డబ్బాను వార్డు సిబ్బంది తీసికొని ఖాళీడబ్బా నిచ్చుట: ఇంతకంటె ఎక్కువ కావలసినది లేదు. డబ్బా నిండుటకు పట్టిన దినములను రిజిస్టరులో గుర్తించుకొనుచున్నచో ఇంకొక లాభము గలదు. దినమునకు ముప్పదిమంది కూర్చుండు దుకాణమున డబ్బా మూడునెలలైనను నిండనిచో, అచ్చట ఆదివారము ఉదయము బెంచీమీద కూర్చుండవలసియున్నదని అర్థము.