ఈమెయిలు చిరునామా పుస్తకము: పోటీ పరీక్షల ప్రత్యేకం

2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ నుండి తెలంగాణకును, 2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లానుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకును మారిన ములకలపల్లి మండలవాసి చిరునామాలో ఏ గడి దిద్దవలెనో, ఏది దిద్దనక్కరలేదో గ్రహించిన అభ్యర్థికి ఈ పాఠము సగము కంఠస్థమైనట్లే.

1. కాంటాక్టు: ఒక వ్యక్తి పేరు, ఈమెయిలు, ఫోను, చిరునామా గడులు గల నమోదు.

2. లేబులు: కాంటాక్టుల సముదాయము, జీమెయిలులో ఒకే కాంటాక్టు పలు లేబుళ్లక్రింద ఉండవచ్చును.

3. వీకార్డు: కాంటాక్టుల వినిమయ ప్రమాణము, పొడిగింపు ‘.విసిఎఫ్’. 4.0 కూర్పు 2011, ఆర్‌ఎఫ్‌సి 6350. పూర్తి పేరు తప్పనిసరి. లిపి యూటీఎఫ్-8 కావున తెలుగు పేర్లు చెడక నిలుచును.

4. వీకార్డు చిరునామా (ఆర్‌ఎఫ్‌సి 6350 ప్రకారము): 7 అంగములు. పోస్టు బాక్సు, అదనపు చిరునామా, వీధి, ఊరు, రాష్ట్రము, పిన్, దేశము. జిల్లాకు ప్రత్యేకాంగము లేదు. కావున పై ములకలపల్లి మండలవాసి చిరునామాలో 2014లో రాష్ట్రపు గడి మారినది, 2016లో అదియు మారలేదు.

5. కార్డ్‌డావ్ (2011, ఆర్‌ఎఫ్‌సి 6352): సర్వరులోని పుస్తకమును ఫోనుతో సమన్వయపరచును.

6. ఎల్‌డాప్: సంస్థల ఉమ్మడి డైరెక్టరీని వెదకు నియమావళి, పోర్టు 389.

7. సిసి గ్రహీతలు అందరికిని కనిపింతురు. బిసిసి గ్రహీతలు ఇతరులకు కనిపింపరు.

అడుగదగినవి: వీకార్డు పొడిగింపు, చిరునామా అంగముల సంఖ్య, ఎల్‌డాప్ పోర్టు, సిసి–బిసిసి భేదము.